ఫెట్, జియోజీబ్రా, స్టోరీవీవర్: క్లాసులో ఎంతవరకు పనికొస్తాయి?

ఉచితంగా దొరికే పాఠ్య వనరుల్లో టీచరుకి నిజంగా పని తగ్గించేవి కొన్నే. చాలావాటిని సరిదిద్దుకునేసరికి, ఆ పాఠమేదో సొంతంగా తయారుచేసుకుంటే పోయేదనిపిస్తుంది. అందుకే మేం ఒకే కొలత పెట్టుకున్నాం. ఏ వనరునైనా తెరవకముందే పిల్లల చేత "ఏం జరుగుతుంది?" అని ఊహించి రాయించగలగాలి. తెరిచాక ఆ ఊహ ఒప్పో తప్పో పిల్లలే తేల్చుకోగలగాలి. ఇలా చూస్తే సైన్సుకి ఫెట్, లెక్కలకి జియోజీబ్రా, కింది తరగతుల్లో చదవడం నేర్పడానికి స్టోరీవీవర్ ముందుంటాయి. అయితే మూడింటికీ లోపాలున్నాయి.

నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన, తెరమీదే ప్రయోగాలు చేసి చూసే సిమ్యులేషన్లే ఫెట్. వీటిలో అన్నిటికన్నా బాగా పనిచేసేది డీసీ సర్క్యూట్ కిట్. 9 వోల్టుల బ్యాటరీకి 10 ఓమ్‌ల బల్బు ఒకటి కలిపితే అమ్మీటరు 0.90 ఆంపియర్లు చూపిస్తుంది. అదే బల్బు ఇంకొకటి శ్రేణిలో కలిపితే 0.45కి పడిపోతుంది. ఇంతవరకు పిల్లల ఊహ చాలాసార్లు సరిపోతుంది. చిక్కంతా సమాంతర సంధానం దగ్గరే. బ్యాటరీ ఎప్పుడూ ఒకే కరెంటు ఇస్తుందనీ, రెండు దారులుంటే అది సగం సగం పంచుకుపోతుందనీ ఎక్కువమంది అనుకుంటారు. బల్బులు రెండూ మసకబారతాయని రాస్తారు. స్విచ్ వేసి చూస్తే రెండూ మునుపటంత వెలుగుతోనే ఉంటాయి. ఒక్కో బల్బులో 0.90, బ్యాటరీ దగ్గర 1.80. అప్పుడు "మరి ఈ ఎక్కువ కరెంటు ఎక్కడిది?" అని పిల్లలే అడుగుతారు. పాఠం అక్కడి నుంచి ఎత్తుకోవాలి.

ఇదే ప్రయోగం అసలు బల్బులతో చేస్తే అంకెలు ఇంత శుభ్రంగా రావు. శ్రేణిలో కరెంటు సగం కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. మసకగా వెలిగే ఫిలమెంటు అంతగా వేడెక్కదు, దాని నిరోధం తక్కువగా ఉంటుంది. సమాంతరంలో బల్బులు కొద్దిగా మసకబారవచ్చు, దానికి కారణం బ్యాటరీ అంతర్నిరోధం. ఈ సంగతి ముందే చెప్పకపోతే "కంప్యూటర్లో వచ్చింది ఇక్కడ రాలేదేంటి" అని పిల్లలు అసలు ప్రయోగాన్నే తప్పుపడతారు. సర్క్యూట్ కిట్‌లోని "ల్యాబ్" అనే తెరలో అంతర్నిరోధాన్ని పెంచే స్లైడర్ ఉంది. దాన్ని కొంచెం జరిపి చూపిస్తే ఈ రెండో తేడా అయినా అర్థమవుతుంది.

లోలకం సిమ్యులేషన్ కూడా మాకు బాగా నచ్చింది. 1 మీటరు పొడవుతో 10 డిగ్రీల నుంచి వదిలితే ఆవర్తన కాలం, అంటే ఒకసారి ఊగి వెనక్కి రావడానికి పట్టే సమయం, 2.01 సెకన్లు. 90 డిగ్రీల నుంచి వదిలితే 2.37 దాకా వెళ్తుంది. "ఆవర్తన కాలానికి కంపన పరిమితితో సంబంధం లేదు" అని పుస్తకంలో చదివిన పిల్లలకు ఆ మాట చిన్న కోణాలకే వర్తిస్తుందని కళ్లముందే తేలుతుంది. వర్క్‌షీట్లో చిన్న కోణాలు మాత్రమే ఇస్తే ఈ అవకాశం చేజారుతుంది.

ఏ సిమ్యులేషన్ అయినా మొదటి ఐదు నిమిషాలు ఏమీ చెప్పకుండా పిల్లల చేతికి వదిలేయాలి. ఫెట్‌లో ఇతర టీచర్లు పంచుకున్న వర్క్‌షీట్లలో చాలావరకు "ఇది నొక్కు, అది రాయి" తరహావే. వాటిలో పిల్లవాడు ఆలోచించడానికి చోటుండదు. అందులోంచి రెండు మూడు ప్రశ్నలు ఏరుకుంటే చాలు. హెచ్‌టీఎంఎల్ 5 సిమ్యులేషన్లను ఒకసారి దించి పెట్టుకుంటే నెట్ లేకపోయినా బ్రౌజర్లో తెరుచుకుంటాయి. పాత జావా సిమ్యులేషన్లు ఫోన్లలో, ట్యాబ్లలో పనిచేయవు కాబట్టి పాఠానికి ఎంచుకునే ముందే చూసుకోవాలి.

జియోజీబ్రా అంటే తెరమీద జ్యామితి బొమ్మలు గీసి, బిందువులు లాగి చూసే సాఫ్ట్‌వేర్. సత్తా ఉన్న పరికరమే కానీ ముందురోజు కూర్చుని సిద్ధం కాకపోతే క్లాసులో పరువు తీస్తుంది. త్రిభుజం కోణాల మొత్తం చూపిద్దామని మొదలుపెడితే తెరమీద 60కి బదులు 300 డిగ్రీలు ప్రత్యక్షమవుతాయి. కారణం, అది కోణాన్ని గడియారం ముల్లుకి ఎదురు దిశలో కొలుస్తుంది. శీర్షాలను ఆ దిశలోనే పెట్టి, కోణం సాధనంతో త్రిభుజం లోపల ఒక్కసారి నొక్కితే లోపలి కోణాలు మూడూ వచ్చేస్తాయి. ఇంకో చిక్కు దశాంశాలది: 59.27, 71.34, 49.40 కూడితే 180.01 వస్తుంది. తప్పు సిద్ధాంతానిది కాదు, రెండు స్థానాలకు సవరించడం వల్ల వచ్చిన తేడా. దశాంశ స్థానాలు పెంచి చూపిస్తే అది ఎంత తగ్గిపోతుందో పిల్లలకు తెలుస్తుంది.

సమద్విబాహు త్రిభుజాన్ని కంటి అంచనాతో గీస్తే శీర్షం లాగగానే చెడిపోతుంది. "ఏ" అనే బిందువు కేంద్రంగా, "బీ" అనే బిందువు గుండా వృత్తం గీసి, సీ బిందువును ఆ వృత్తం మీదే పెట్టాలి. అప్పుడు ఎటు లాగినా ఏబీ, ఏసీ సమానంగానే ఉంటాయి. జియోజీబ్రా సైట్లో ఎవరైనా తమ ఫైళ్లు పెట్టొచ్చు కాబట్టి, దించుకున్న ప్రతి ఫైలులో ఒక బిందువును లాగి చూడండి. బొమ్మ చెదిరిందంటే ఆ ఫైలు వద్దు.

స్టోరీవీవర్ వెబ్‌సైట్లో తెలుగు సహా ఎన్నో భాషల్లో బొమ్మల కథలున్నాయి. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ సంస్థ దీన్ని 2015లో మొదలుపెట్టింది. దించుకుని ముద్రించుకోవచ్చు, రచయిత, చిత్రకారుల పేర్లు ప్రస్తావిస్తూ మార్చుకోవచ్చు కూడా. స్థాయిలు నాలుగు. మొదటి స్థాయి అంటే 250 పదాల లోపు. కానీ తెలుగులో పదాల లెక్కను నమ్ముకోకూడదు. చిన్న కథలోనూ పొడుగాటి క్రియలు, ఒత్తుల మీద ఒత్తులు ఎదురై అప్పుడే గుణింతాలు దాటిన బిడ్డ ఆగిపోతుంది. కథ ఎంచేముందు ఒక పేజీ తీసుకుని ఒత్తులున్న పదాలు లెక్కపెట్టండి. పిల్లలకు ఇంకా రానివి మూడు నాలుగుకు మించి ఉంటే అది మీరు చదివి వినిపించాల్సిన కథ, వాళ్లు చదవాల్సింది కాదు. అనువాదాలు అందరూ చేస్తారు కాబట్టి కొన్నిచోట్ల వాక్యం అతుకులబొంతలా ఉంటుంది. పిల్లల ముందు పెట్టేలోపు పైకి చదివి చూస్తే ఎక్కడ తట్టుకుంటుందో మీకే తెలుస్తుంది.

ఇక ఎక్కడపడితే అక్కడ దొరికే వర్క్‌షీట్ల పీడీఎఫ్‌లు. జవాబుల పట్టీ లేనివాటిని పక్కన పెట్టేయండి. ఉన్నా ఒకసారి మీరే చేసి సరిచూసుకోండి. స్కేలుతో కొలిచే అభ్యాసాలకు మాత్రం ప్రింటర్ దగ్గరే జాగ్రత్తపడాలి. 216 మిల్లీమీటర్ల వెడల్పుండే లెటర్ సైజు పేజీని 210 మిల్లీమీటర్ల ఏ4 మీద "పేజీకి సరిపెట్టు" అని ముద్రిస్తే 10 సెంటీమీటర్ల గీత 9.7 అయి కూర్చుంటుంది. పిల్లలు సరిగ్గా కొలిచినా జవాబు తప్పవుతుంది. ప్రింట్ సెట్టింగులో 100 శాతం అని పెట్టి, ముందు ఒక్క కాపీ తీసి, గీతను స్కేలుతో కొలిచాకే మిగతావి తీయండి.