ఇంటి ఆటలకు మొబైల్ డేటా: పదిహేను నెలల తరువాత

ఇంట్లోని వైరు కనెక్షన్ తీసేసి, సిమ్ రౌటర్ పెట్టుకుని, నెలవారీ డేటా ప్లాన్ మీదనే ఆటలూ సినిమాలూ నడుపుకోవడం మొదలుపెట్టి పదిహేను నెలలైంది. మొదటి నెలలో అడిగిన వారందరికీ నిశ్చింతగా తీసుకోమని చెప్పాను. ఆ మాటను ఇప్పుడు వెనక్కి తీసుకోను గాని, అలాగే మళ్లీ చెప్పనూ లేను.

ప్లాన్ ఎంచుకునేటప్పుడు నేను చూసినవి రెండే: డౌన్‌లోడ్ వేగం, నెలకు ఎన్ని జీబీలు అన్నది. ఆ రెండూ సినిమాల లెక్కలని తరువాత తెలిసింది. 4కే సినిమా గంటకు దాదాపు 7 జీబీ తాగేస్తుంది; నేను ఆడే ఆటలు అదే గంటలో 100 ఎంబీ చుట్టుపక్కలే ఆగిపోతాయి. ఆటకు కావలసింది ఎక్కువ డేటా కాదు, నిలకడగా ఉండే పింగ్, అంటే మన సంకేతం ఆట సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం. దాన్ని గురించి ప్లాన్ వివరాల్లో ఒక్క ముక్క కూడా లేదు, నా కినుకంతా అక్కడే.

రెండో నెల నుంచి రాత్రి తొమ్మిది దాటగానే ఆట స్తంభించిపోయేది. 40 మిల్లీసెకన్ల దగ్గర ఉండే పింగ్ ఒక్కసారిగా 700కు ఎగబాకేది, పది నిమిషాలకో అరగంటకో దానంతటదే దిగేది. ఆ వేళకు టవర్ మీద రద్దీ పెరుగుతుంది కాబట్టి నేరమంతా దాని మీద వేశాను. కస్టమర్ కేర్ వారు సిగ్నల్ బాగుందని చెప్పి, ప్రతిసారీ రౌటర్‌ను ఆపి మళ్లీ వేయమన్నారు. రౌటర్‌ను కిటికీ దగ్గరికి జరిపాను, వైఫై మాని కన్సోల్‌కు కేబుల్ కలిపాను, ఏదీ పనిచేయలేదు. తరువాత మా ఆవిడ నాలుగు రోజులు ఊరెళ్లినప్పుడు ఆట ఒక్కసారైనా ఆగలేదు. ఆమె తిరిగివచ్చిన రాత్రే మళ్లీ మొదలైంది. (ఈ విషయం ఆమెకు ఎలా చెప్పాలా అన్నది వేరే సమస్య.) చివరికి తేలిందేమిటంటే, తొమ్మిదింటికి ఆమె ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టగానే అందులోని ఫొటోలూ వీడియోలూ క్లౌడ్‌లోకి వెళ్లడం మొదలవుతుంది. కంప్యూటర్‌లో పింగ్ కొలుస్తూ ఛార్జర్ తగిలించి చూశాను, అంకెలు ఎక్కాయి. తీసి చూశాను, దిగాయి.

మొబైల్ కనెక్షన్లలో అప్‌లోడ్ సాధారణంగా డౌన్‌లోడ్ కంటే చాలా ఇరుకు. ఆ ఇరుకు దారిలోకి వీడియోలు వచ్చిపడితే మోడెమ్ వాటిని బఫర్‌లో, అంటే పంపేదాకా డేటా ఆగే తాత్కాలిక నిల్వలో, వరుసగా నిలబెడుతుంది, నేను నొక్కిన మీట తాలూకు చిన్న డేటా ముక్క (ప్యాకెట్) ఆ వరుస చివర నిలబడి తన వంతు కోసం ఎదురుచూస్తుంది. దీన్నే బఫర్‌బ్లోట్ అంటారు. దీనికి విరుగుడుగా వచ్చిన కోడెల్ అనే పద్ధతి 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8289 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా వెలువడింది. ఆ కోవకు చెందిన క్యూ నియంత్రణ నా రౌటర్ సెట్టింగుల్లోనే ఉండడం నేను ఊహించని సంతోషం. అప్‌లోడ్‌ను కొలిచిన వేగంలో 80 శాతానికి కట్టేసిన రాత్రి, ఫొటోలు వెళుతున్నా పింగ్ 60 దాటలేదు.

ఆ సంతోషం కూడా షరతులతో కూడినదే. వైరు కనెక్షన్‌లో వేగం దాదాపు స్థిరంగా ఉంటుంది గనుక ఒకసారి కట్టిన పరిమితి సరిపోతుంది, మొబైల్‌లో అది గంటగంటకూ మారుతుంది. మధ్యాహ్నం కొలిచి పెట్టిన 80 శాతం ఆదివారం రాత్రి అందే వేగానికి మించిపోతుంది, అప్పుడు కథ మళ్లీ మొదటికొస్తుంది. మరీ తగ్గించి పెడితే వీడియో కాల్‌లో నా ముఖం మసకబారుతుంది. అందుకే ఇప్పుడు ఆ ఫోన్ మధ్యాహ్నమే ఛార్జింగ్‌కు వెళుతోంది.

జీబీల పరిమితి నన్ను బాధపెట్టింది ఒక్కసారే. ఒక ఆట తాలూకు 80 జీబీ అప్‌డేట్ నెల మధ్యలో దిగి, మిగతా రోజులు తగ్గించిన వేగంతో గడపవలసి వచ్చింది.

మా ఇంట్లో ఉన్నది ఇద్దరమే, నేను ఆడేది రాత్రి ఒకటి రెండు గంటలే, టవర్ కిటికీలోంచి కనిపిస్తుంది. ఈ మూడింటిలో ఏది తప్పినా నా అభిప్రాయం మారుతుంది. ఆటను ప్రత్యక్ష ప్రసారం చేసేవారికైతే ఇరుకు అప్‌లోడ్ ఉన్న ఈ ప్లాన్ తీసుకోమని అనలేను. నేను మాత్రం కొనసాగిస్తున్నాను, కాకపోతే ఏడాది ప్లాన్ జోలికి పోకుండా ఏ నెలకా నెల రీచార్జ్ చేయించుకుంటున్నాను.