43 అంగుళాల 4కె టీవీ: ఆరేళ్లు, 11 వేల గంటల వాడకం తర్వాత

వీఏ రకం ప్యానెల్ (బొమ్మను చూపే తెర పొర), తెర వెనక నేరుగా పరిచిన ఎల్‌ఈడీ బ్యాక్‌లైట్, 60 హెర్ట్జ్ (సెకనుకు 60 బొమ్మలు), 1.5 జీబీ ర్యామ్, 8 జీబీ స్టోరేజీ, మూడు హెచ్‌డీఎంఐ పోర్టులు, 10 వాట్ల స్పీకర్లు రెండు. తక్కువ బడ్జెట్‌లో దొరికే 43 అంగుళాల టీవీల్లో చాలావాటి లోపలి సరుకు ఇంచుమించు ఇదే. మా ఇంట్లో ఇలాంటి టీవీ రోజుకు అయిదు గంటల లెక్కన ఆరేళ్లు, అంటే దాదాపు 11,000 గంటలు నడిచింది. బొమ్మ ఇప్పటికీ బాగుంది. స్మార్ట్ భాగం మూడో ఏటికే చతికిలబడింది. అట్టపెట్టె మీద పెద్దక్షరాలతో వేసిన హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను మరింతగా చూపే పద్ధతి) ఒక్కరోజూ అక్కరకు రాలేదు.

చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ముందు చూడాల్సింది ప్యానెల్ రకం. పెట్టె మీద అది సాధారణంగా రాయరు. వీఏ ప్యానెల్‌లో నలుపు కంటే తెలుపు 3,000 రెట్లు, మంచివాటిలో 5,000 రెట్లు కాంతిగా ఉంటుంది. ఐపీఎస్ అనే మరో రకంలో ఈ తేడా 1,000 రెట్ల దగ్గరే ఆగుతుంది. లైట్లు ఆర్పి రాత్రి సన్నివేశం పెడితే ఈ లెక్క కళ్లకే తెలిసిపోతుంది: ఐపీఎస్‌లో నలుపు బూడిదరంగుకు తిరుగుతుంది, సినిమాకు పైనా కిందా ఉండే నల్ల పట్టీలు కూడా సన్నగా వెలుగుతుంటాయి. వీఏకున్న లోటు పక్క చూపు. ఎదురుగా కూర్చున్నవాళ్లకు నిండుగా కనిపించే ముఖం, ఓ 30 డిగ్రీలు పక్కకు జరిగితే సున్నం కొట్టినట్టు వెలిసిపోతుంది. అందరూ తెరకు ఎదురుగా కూర్చునే గదికి వీఏ తీసుకోండి. తలా ఒక మూల కూర్చునే గదైతే ఐపీఎస్సే నయం. కొట్లో తేల్చుకోవడం తేలికే. మనిషి ముఖం ఉన్న బొమ్మను ఆపి, పక్కకు నాలుగడుగులు నడిచి చూడండి. రంగు పాలిపోతే వీఏ. ఒకే మోడల్ పేరుతో రెండు రకాల ప్యానెళ్లూ వస్తుంటాయి కాబట్టి, ఇంటికొచ్చిన టీవీని కూడా ఇలాగే ఒకసారి చూసుకోవాలి.

4కె కోసం అదనంగా పెట్టాలా అన్నది తెరకూ కంటికీ మధ్య దూరం చెబుతుంది. మామూలు చూపు ఒక డిగ్రీలో 60వ వంతు కంటే చిన్న తేడాను విడదీసి చూడలేదు. 43 అంగుళాల తెర వెడల్పు 95 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీలో ఒక్కో పిక్సెల్ (బొమ్మలోని చుక్క) అర మిల్లీమీటరు. ఈ లెక్కన 1.7 మీటర్లు, అంటే అయిదున్నర అడుగులు దాటితే ఫుల్ హెచ్‌డీకీ 4కెకీ తేడా పట్టుకోవడం కష్టం. 55 అంగుళాలకైతే ఆ హద్దు ఏడడుగులు. ఎనిమిది అడుగుల నుంచి చూసే గదికి 43 అంగుళాల 4కె కంటే, అదే డబ్బుకు మంచి ప్యానెల్ ఉన్న ఫుల్ హెచ్‌డీ దొరికితే అదే మేలు. ఈ టీవీని కంప్యూటర్‌కు తగిలించి రెండున్నర అడుగుల దూరంలో వాడినప్పుడు మాత్రం 4కె పూర్తిగా పనికొచ్చింది, అక్షరాలు అచ్చేసినట్టు కనిపించాయి. దానికి హెచ్‌డీఎంఐ పోర్టు సెట్టింగును స్టాండర్డ్ నుంచి ఎన్‌హాన్స్‌డ్‌కు మార్చాల్సి వచ్చింది. మార్చకపోతే 30 హెర్ట్జ్ దగ్గరే ఆగి, మౌస్ బాణం తడబడుతూ కదులుతుంది.

ఇలాంటి టీవీల ప్రాణం బ్యాక్‌లైట్‌లో ఉంటుంది. కొట్లో కళ్లు జిగేలుమనిపించడానికి ఫ్యాక్టరీలోనే దాన్ని 100కి దగ్గరగా పెట్టి పంపుతారు. మొదటి రెండేళ్లు దాన్ని తగ్గించకుండా వాడిన ఫలితం నాలుగో ఏట కనిపించింది. ముందుగా తెర మీద ఒకచోట గుండ్రటి తెల్ల మచ్చ వచ్చింది. ప్రతి ఎల్‌ఈడీ మీదా కాంతిని చుట్టూ పరిచే చిన్న లెన్స్ ఉంటుంది. వేడికి జిగురు ఎండి ఆ లెన్స్ ఊడిపోతే, వెలుగంతా ఒకేచోట పడుతుంది. తర్వాత కొన్ని నెలలకు అసలు జబ్బు బయటపడింది: ఆన్ చేయగానే అర సెకను వెలుగు మెరిసి ఆరిపోతుంది, మాటలు మాత్రం వినిపిస్తూనే ఉంటాయి. ఎల్‌ఈడీలు ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలిపి ఉంటాయి. ఒక్కటి తెగితే కరెంటు ఆగుతుంది, తేడా గమనించిన డ్రైవర్ సర్క్యూట్ (ఎల్‌ఈడీలకు కరెంటిచ్చే భాగం) మొత్తం బ్యాక్‌లైట్‌ను ఆపేస్తుంది.

టీవీ పోయిందనుకుని పారేసేముందు టార్చి పరీక్ష చేయండి. గదిలో లైట్లార్పి, టీవీ ఆన్‌లో ఉంచి, టార్చిని తెరకు బాగా దగ్గరగా, ఏటవాలుగా పట్టుకోండి. ఆ వెలుగు పడిన మేర మనుషులు నీడల్లా కదులుతూ కనిపిస్తే ప్యానెల్, మెయిన్ బోర్డు పనిచేస్తున్నట్టే. పోయింది బ్యాక్‌లైటో, దానికి కరెంటిచ్చే భాగమో. ఎల్‌ఈడీలు బిగించి ఉండే పట్టీలు, అంటే స్ట్రిప్‌లు, విడిగా దొరుకుతాయి. పోయిన ఎల్‌ఈడీ ఒక్కటే మార్చి సరిపెట్టొద్దు. మిగతావీ అంతే వేడిని మోసినవే, పైగా కొత్తదీ పాతదీ ఒకే వెలుగు ఇవ్వవు. సెట్ మొత్తం మార్పించడమే మంచిది. స్ట్రిప్ పొడవు, ఎల్‌ఈడీల సంఖ్య, ఒక్కో ఎల్‌ఈడీ వోల్టేజి మూడూ పాతవాటితో కలవాలి. 3 వోల్టులవీ 6 వోల్టులవీ చూడటానికి ఒకేలా ఉంటాయి, అక్కడే పొరపాటు జరుగుతుంది. అద్దం లాంటి ప్యానెల్‌ను ఎత్తడం ఇద్దరి పని. అంచునుండే సన్న రిబ్బన్ కేబుల్ చిరిగితే బాగుచేయడానికి ఇంకేమీ మిగలదు. అనుభవమున్న మెకానిక్‌కే ఇవ్వండి.

స్ట్రిప్‌లు మార్చాక బ్యాక్‌లైట్ 50 దాటకుండా వాడుతున్నాం, మళ్లీ మచ్చ రాలేదు. రాత్రిపూట 35 చాలు. బ్రైట్‌నెస్ వేరు, బ్యాక్‌లైట్ వేరు అని గుర్తుంచుకోండి. చాలా మెనూల్లో బ్రైట్‌నెస్ అనేది నలుపు స్థాయిని మార్చేది. దాన్ని తగ్గిస్తే నీడల్లోని వివరాలు మాయమవుతాయి, ఎల్‌ఈడీల మీద భారం మాత్రం తగ్గదు.

మిగతా సెట్టింగులు: పిక్చర్ మోడ్ సినిమా, రంగు వార్మ్, షార్ప్‌నెస్ సున్నాకి దగ్గర, నాయిస్ రిడక్షన్ ఆఫ్. మొదటి రోజు బొమ్మ పసుపుగా అనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో కన్ను అలవాటు పడుతుంది, ఆ తర్వాత పాత నీలపు తెలుపే ఎబ్బెట్టుగా ఉంటుంది. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు స్టోర్ మోడ్ కాకుండా హోమ్ మోడ్ ఎంచుకోవాలి. లేకపోతే మీరు పెట్టుకున్నవన్నీ మళ్లీ మళ్లీ మొదటికొస్తాయి.

హెచ్‌డీఆర్ సినిమాలను సాధారణంగా 1,000 నిట్ల (తెర కాంతికి కొలత) లెక్కన తయారుచేస్తారు. ఈ తరగతి తెరలు ఇచ్చేది 250 నుంచి 300 నిట్లు. ఆ పెద్ద పరిధిని ఇందులో కుదించేసరికి బొమ్మంతా చీకటిపడుతుంది. ప్లేయర్‌లో ఎస్‌డీఆర్‌కు, అంటే మామూలు పద్ధతికి మార్చుకుంటే హాయిగా ఉంటుంది. మోషన్ రేటు 120, 200 అన్న స్టిక్కర్లను కూడా లెక్కలోకి తీసుకోవద్దు, ప్యానెల్ 60 హెర్ట్జే.

స్మార్ట్ సంగతి. 8 జీబీలో సిస్టమ్ పోగా యాప్‌లకు మిగిలేది సగం కూడా ఉండదు. యాప్‌లు ఏటేటా బరువెక్కుతాయి, ర్యామ్ పెరగదు. మూడో ఏట మెనూ తెరుచుకోవడానికే పది సెకన్లు పట్టేది. హెచ్‌డీఎంఐకి తగిలించే స్ట్రీమింగ్ స్టిక్‌తో ఆ బాధ పూర్తిగా తీరింది. దాన్ని టీవీ యూఎస్‌బీ పోర్టుకు కాకుండా దాని సొంత అడాప్టర్‌కు పెట్టండి. టీవీ పోర్టు తరచూ అర ఆంపియరే ఇస్తుంది, స్టిక్ మధ్యమధ్యలో రీస్టార్ట్ అవుతుంది. స్మార్ట్ ఫీచర్ల కోసం పై మోడల్‌కు వెళ్లడం ముమ్మాటికీ దండగే. ఆ మొత్తంలో కొంత సౌండ్‌బార్‌కు కేటాయించండి. కిందికి తిరిగి ఉండే ఈ స్పీకర్లలో సంభాషణలు ముద్దగా వినిపిస్తాయి. ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని బయటికి పంపే సౌకర్యం) సాధారణంగా ఒక్క హెచ్‌డీఎంఐ పోర్టుకే ఉంటుంది, సౌండ్‌బార్‌ను దానికే కలపాలి.

పెన్‌డ్రైవ్‌లో సినిమా బొమ్మొచ్చి శబ్దం రాకపోతే అది టీవీ చదవలేని డీటీఎస్ రకం ఆడియో అయ్యుండొచ్చు. 4 జీబీ దాటిన ఫైలు ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లోకి ఎక్కదు.

కొన్న వారంలోనే తెల్ల, ఎర్ర, ఆకుపచ్చ, నీలం, నలుపు, ముదురు బూడిదరంగు నిండు బొమ్మలను పెన్‌డ్రైవ్‌లో వేసి ఒక్కొక్కటీ చూడండి. చనిపోయిన పిక్సెళ్లు మొదటి వాటిలో, మరకల్లాంటి నీడలు బూడిదరంగులో దొరుకుతాయి. మార్చుకునే గడువు ఉండగానే ఈ పని ముగించాలి.

తుడవడానికి పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. మరక పోకపోతే గుడ్డను నీటితో కాస్త చెమ్మ చేయండి. తెర మీద నేరుగా ఏదీ చల్లకూడదు. చుక్క జారి కింది అంచులోకి దిగితే, అక్కడుండే ప్యానెల్ కనెక్షన్లు తుప్పుపట్టి నిలువు గీతలు పడతాయి. ఆ గీతలకు ప్యానెల్ మార్చాల్సి వస్తుంది, ప్యానెల్ ఖర్చు కొత్త టీవీ ఖర్చుకు దగ్గరగా ఉంటుంది.