బరంపురంలో విద్యార్థి ఖాతా: పరపతి సంఘమా, బ్యాంకా?

ఒడిశాలోని బరంపురం వారైనా, పర్లాకిమిడి, ఛత్రపురం వైపు నుంచి వచ్చి గదులు తీసుకున్నవారైనా, ఇక్కడ కళాశాలలో చేరే తెలుగు విద్యార్థులకు మొదటి ఏడాదిలోనే ఒక ఖాతా అవసరమవుతుంది. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో పొదుపు ఖాతాను, బజారులోని ఒక పరపతి సహకార సంఘంలో (సభ్యుల పొదుపు తీసుకొని వారికే అప్పులిచ్చే సంస్థ) రోజువారీ పొదుపును రెండింటినీ వాడుతున్నవాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను.

సంఘం సేవలో నాకు బాగా నచ్చింది దాని దగ్గరితనం. ఏజెంటు సాయంత్రం గది దగ్గరికే వచ్చి, ఇరవయ్యో యాభయ్యో తీసుకొని, చేతిలోని యంత్రంలో కొట్టి రసీదు చింపి ఇస్తాడు. ఒడియాలో ఉన్న దరఖాస్తులో ఎక్కడ ఏమి రాయాలో తెలుగులో చెప్పి నింపిస్తాడు. పరీక్ష ఫీజుకు డబ్బు చాలనప్పుడు మరో సభ్యుడి హామీ మీద చిన్న అప్పు త్వరగా దొరికింది. సంపాదన లేని విద్యార్థికి ఇది నిజంగా పెద్ద ఆసరా.

అయితే అదే దరఖాస్తులో సభ్యత్వం గడిని నిదానంగా చదవాలి. నేను చేరిన చోట నన్ను నామమాత్రపు సభ్యుడిగా చేర్చుకున్నారు, అంటే డబ్బు నాదే అయినా నిర్వాహకులను ఎన్నుకునే ఓటు నాకు లేదు. సభ్యులదే సంఘమని చెప్పేవారు ఈ సంగతి ముందే చెప్పి ఉండవలసింది.

అంతకంటే ముఖ్యమైనది డిపాజిట్ బీమా. బ్యాంకు మూతపడితే వడ్డీతో కలిపి ఒక్కో డిపాజిటరుకు 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. 2020 ఫిబ్రవరికి ముందు ఇది లక్ష మాత్రమే. పట్టణ సహకార బ్యాంకులకు, జిల్లా కేంద్ర సహకార బ్యాంకులకు కూడా ఈ రక్షణ వర్తిస్తుంది కానీ, అదే సహకార రంగానికి చెందిన పరపతి సంఘానికి వర్తించదు. ఫిర్యాదు వస్తే బ్యాంకులపై ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ వద్దకు వెళ్లే దారి కూడా సంఘం సభ్యునికి లేదు. చిట్‌ఫండ్ మోసాలపై 2013లో విచారణ కమిషన్ వేయవలసి వచ్చిన రాష్ట్రంలో, వడ్డీ ఒకటి రెండు శాతం ఎక్కువన్న ఒక్క కారణంతో ఏడాది ఫీజును బీమా లేని చోట ఉంచడం నా దృష్టిలో తగని పని.

ఉపకార వేతనం విషయంలో తర్జనభర్జన అక్కరలేదు: ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతాకే అది జమ అవుతుంది. కనీస నిల్వ భయం ఉన్నవారు ప్రాథమిక పొదుపు ఖాతా అడగవచ్చు. దానికి నిల్వ నిబంధన లేదు, కార్డు ఉచితం. బ్యాంకులో వరుసలు పొడవే, కౌంటరు దగ్గర ఓపిక తక్కువే, అయినా ప్రధాన ఖాతా అక్కడే ఉండాలి. సంఘంలో రోజువారీ పొదుపు మాత్రం కొనసాగించవచ్చు, కాకపోతే ఆడిట్ నివేదిక చూపమని అడిగి, పోగైన సొమ్ము ఒక సెమిస్టరు ఫీజుకు చేరగానే దాన్ని బ్యాంకు ఖాతాకు మార్చుకోవాలి.