పెద్దక్షరాల రిఫరెన్సు బైబిలు: కొనే ముందు యెషయా 6 తెరిచి చూడండి

మా సంఘంలో శుక్రవారం స్త్రీల కూటంలో వాక్యం చెప్పేది నేనే. ఈసారి దేవుని పరిశుద్ధత మీద వరసగా పాఠాలు తీసుకోమని పాస్టరు గారు చెప్పారు. నా పాత బైబిల్లో అక్షరాలు కళ్ళకు ఆనడం లేదు. అందుకని పెద్దక్షరాలతో, పేజీ మధ్యలో రిఫరెన్సుల వరస (ఒక వచనానికి సంబంధమున్న ఇతర వచనాలు ఎక్కడున్నాయో చూపే సంఖ్యలు) ఉన్న బైబిలు కొన్నాను. 1,200 రూపాయల పైనే పడింది. ఇలాంటి కూర్పులు ఒకటికి మించి దొరుకుతున్నాయి కాబట్టి నేను ఎవరు వేసింది కొన్నానో రాయను. ఏది కొన్నా ఏం చూసుకోవాలో మాత్రం రాస్తాను.

అక్షరం బాగుంది. సాయంత్రం ట్యూబులైటు కింద కూడా హాయిగా చదవొచ్చు. పాఠం మనం చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టిన పాత అనువాదమే, ఒక్క మాట మార్చలేదు. కాగితం పల్చన, పెన్నుతో గీస్తే అవతలి పేజీలో కనిపిస్తుంది. పెన్సిలే వాడండి. అంచున గ్రంథాల పేర్లతో కోసిన గళ్ళున్నాయి, హబక్కూకు కోసం వెతుక్కునే అవస్థ తప్పింది. బరువు మాత్రం ఎక్కువే. ఒడిలో పెట్టుకుని చదవాలి గాని చేత పట్టుకుని నిలబడి వాక్యం చెప్పడం కష్టం.

ఇవన్నీ పక్కన పెడితే, నేను డబ్బు పెట్టింది ఆ మధ్య వరస కోసం. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

పరిశుద్ధత అనగానే మన కూటాల్లో వచ్చే మొదటి వాక్యభాగం యెషయా ప్రవక్త గ్రంథం 6వ అధ్యాయం. దేవుని సింహాసనం, ఆరేసి రెక్కల సెరాపులు అనే పరలోక దూతలు, "పరిశుద్ధుడు, పరిశుద్ధుడు, పరిశుద్ధుడు" అనే ఆ గానం. ఏ పాపం లేని ఆ సెరాపులే రెండు రెక్కలతో ముఖం కప్పుకున్నారు. ఇది ఎన్నోసార్లు విన్నాం. కానీ ఆ అధ్యాయం "రాజైన ఉజ్జియా మృతినొందిన సంవత్సరమున" అని మొదలవుతుంది. చాలామంది ఆ మాటను ఏదో సంవత్సరం చెప్పడానికి రాశారన్నట్టు దాటేసి సింహాసనం దగ్గరికి వెళ్ళిపోతారు. ఈ బైబిల్లో ఆ మాట పక్కన చిన్న గుర్తు ఉంది, మధ్య వరసలో 2 దినవృత్తాంతములు 26 చూడమని ఉంది. పేజీ తిప్పాను.

ఉజ్జియా 16 ఏళ్ళప్పుడు యూదాకు రాజై యెరూషలేములో 52 ఏళ్ళు ఏలాడు. బావులు తవ్వించాడు, వ్యవసాయమంటే మక్కువ. మంచి రాజనే చెప్పాలి. బలపడ్డాక గర్వం పట్టింది. ధూపం వేస్తానని ధూపార్తి పట్టుకుని యెహోవా మందిరంలోకి వెళ్ళాడు. అది యాజకుల పని. అజర్యా అనే యాజకుడు, ఆయనతో 80 మంది యాజకులు రాజుకు ఎదురు నిలబడి బయటికి వెళ్ళమన్నారు. రాజు కోపంతో ధూపార్తి చేత పట్టుకుని నిలబడి ఉండగానే నొసట కుష్ఠం పుట్టింది. ఇక చనిపోయేదాకా వేరే ఇంట్లోనే ఉన్నాడు, మందిరం గడప తొక్కలేదు.

ఆ రాజు పోయిన ఏడాదే యెషయాకు మందిరంలో ప్రభువు కనబడ్డాడు. ఇప్పుడు యెషయా వేసిన కేక వినండి: అయ్యో, నేను నశించాను, అపవిత్రమైన పెదవులు గలవాడను. ఈ మాటకిచ్చిన రిఫరెన్సు లేవీయకాండము 13:45. కుష్ఠరోగి పైపెదవి కప్పుకుని "అపవిత్రుడను, అపవిత్రుడను" అని బిగ్గరగా చెప్పాలని అక్కడుంది. నొసట ఏ మచ్చా లేని యెషయా, తన రాజు పలకాల్సిన మాటలు తనే పలికాడు. పరిశుద్ధుడైన దేవుని ఎదుట తనకూ రాజుకూ తేడా లేదని ఆయనకు తెలిసిపోయింది.

అసలు సంగతి ఆ తర్వాత ఉంది. ఉజ్జియా ధూపం వేయాలని తనంతట తానే లోపలికి వెళ్ళాడు. యెషయా అడుగు ముందుకు వేయలేదు. బలిపీఠం మీద నుంచి పట్టకారుతో తీసిన నిప్పే ఆయన దగ్గరికి వచ్చింది. సెరాపు దాన్ని ఆయన పెదవులకు తగిలించి "నీ దోషము తొలగిపోయెను" అన్నాడు. పరిశుద్ధత మనిషిని కాల్చేయడానికి రాలేదు, కడగడానికి వచ్చింది. కూటంలో ఈ మాట చెబుతున్నప్పుడు నా గొంతు పట్టేసింది, కాసేపు ఆగాల్సి వచ్చింది.

అక్కడి నుంచి వరస యోహాను 12:41కి తీసుకెళ్ళింది. యెషయా చూసింది క్రీస్తు మహిమనే అని యోహాను రాశాడు. అది మనసులో పెట్టుకుని లూకా 5 చదవండి. యేసు మాట మీద వేసిన వలలో చేపలు విస్తారంగా పడగానే పేతురు యేసు మోకాళ్ళ దగ్గర పడి, ప్రభువా నన్ను విడిచి పొమ్ము, నేను పాపాత్ముడను అన్నాడు. యెషయాకు పుట్టిన భయమే ఇది. యేసు వెళ్ళిపోలేదు, భయపడకు అన్నాడు. ఆ వెంటనే అదే అధ్యాయంలో ఒళ్ళంతా కుష్ఠమున్న మనిషి వస్తాడు. యేసు చెయ్యి చాపి వాణ్ణి ముట్టుకున్నాడు. మోషే ధర్మశాస్త్రం లెక్కలో ముట్టుకున్నవాడు అపవిత్రుడు కావాలి. ఇక్కడ రోగం వదిలి వాడు శుద్ధుడయ్యాడు. విడిగా చదివినప్పుడు ఇవన్నీ నాకు వేర్వేరు కథలు. ఒకటి పట్టుకుంటే మరొకటి దొరికింది ఈ మధ్య వరస వల్లే.

మనలో చాలామందికి పరిశుద్ధత అంటే చెయ్యకూడనివాటి జాబితా. సినిమా చూడకూడదు, నగ పెట్టకూడదు, ఇలా. ఎవరి సంఘం క్రమం వాళ్ళది, దాని జోలికి నేను పోను. కానీ పాఠం అక్కడ మొదలుపెడితే దేవుడు వెనక్కి పోయి మనమే ముందుకు వస్తాం. పరిశుద్ధత ముందు ఆయన స్వభావం. "నేను పరిశుద్ధుడనై యున్నాను గనుక మీరును పరిశుద్ధులై యుండుడి" అని పేతురు తన మొదటి పత్రికలో రాసిన మాటలో కూడా ముందు ఆయన, తర్వాతే మనం. ఆ మాట లేవీయకాండము నుంచి తీసుకున్నది. రిఫరెన్సు పట్టుకుని 11, 19 అధ్యాయాలకు వెళ్ళొచ్చు.

19వ అధ్యాయం మా కూటంలో మొత్తం చదివాం. పరిశుద్ధులై ఉండండి అన్న వెంటనే తల్లిదండ్రుల మాట వస్తుంది. ఆ తర్వాత పొలం ఓరల దాకా కోయొద్దు, పరిగె (కోతలో రాలిన కంకులు) ఏరుకోవద్దు, బీదలకూ పరదేశులకూ వదలండి అని ఉంది. మాలో సగం మంది మిరపకోతలకు వెళ్ళేవాళ్ళు. పరిగె అంటే ఏమిటో వాళ్ళకు నేను చెప్పే పని లేదు. 13వ వచనం దగ్గరికొచ్చేసరికి, కూలివాని కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోకూడదు అని చదవగానే, గోడకు ఆనుకుని కూర్చున్న ఒక పెద్దామె "మళ్ళీ చదువమ్మా" అంది. చదివాను. "ఇది కూడా పరిశుద్ధతేనా?" అంది. అవును పెద్దమ్మా, న్యాయమైన త్రాసు గురించి కూడా ఇదే అధ్యాయంలో ఉంది అన్నాను. మాది కిరాణా కొట్టు. ఆ 36వ వచనాన్ని మా ఆయన చీటీ మీద రాసి కాటా పక్కన అంటించాడు.

ఇక లోపాలు. రిఫరెన్సుల అక్షరం మరీ చిన్నది. పెద్దక్షరాల బైబిలని కొనుక్కునేవాళ్ళకే అది కనిపించకపోతే ఎలా? భూతద్దం పక్కన పెట్టుకోవాల్సి వస్తోంది. రెండు మూడు చోట్ల వచన సంఖ్య తప్పు పడింది. కవరు జిప్పు నెలలు తిరక్కుండానే పట్టేసింది. వెనక ఉన్న పదసూచికలో పరిశుద్ధుడు అనే మాట కింద వచనాలు చాలా తక్కువ ఇచ్చారు. ఒక్క యెషయా గ్రంథంలోనే "ఇశ్రాయేలు పరిశుద్ధ దేవుడు" అనే పేరు దాదాపు 25 సార్లు వస్తుంది. అందులో నాలుగో వంతు కూడా సూచికలో లేవు.

ఫోనులో యాప్ ఉండగా ఇంత బరువు ఎందుకని మా అబ్బాయి అడిగాడు. ఒక్క వచనం వెతకడానికి యాప్ చాలు. రెండు గ్రంథాల మధ్య వేళ్ళు పెట్టి ముందుకూ వెనక్కూ తిప్పుతూ చదవడానికి కాగితమే నయం. చేతుల్లో నొప్పులున్నవాళ్ళు మాత్రం కొనే ముందు షాపులో ఒకసారి ఎత్తి చూడండి.

షాపులో ఇంకో పని కూడా చెయ్యండి. యెషయా 6:1 తెరిచి, పక్కన 2 దినవృత్తాంతములు 26 ఇచ్చారో లేదో చూడండి. ఇస్తే ఆ వరస తయారుచేసినవాళ్ళు శ్రద్ధగా చేశారని నమ్మొచ్చు. లేకపోతే ఇంకో కూర్పు చూపించమనండి.

నా దాంట్లో యెషయా 6 పక్కన ఉండాల్సిన వచనం ఒకటి లేదు, పెన్సిలుతో రాసుకున్నాను. హోషేయ 11:9. తిరగబడ్డ ఎఫ్రాయిమును, అంటే ఉత్తర ఇశ్రాయేలు ప్రజలను, నాశనం చేయనని దేవుడు చెబుతూ, నేను మనుష్యుణ్ణి కాను, మీ మధ్య ఉన్న పరిశుద్ధ దేవుణ్ణి అని కారణం చెబుతాడు. మనిషికి కోపం వస్తే ఏం చేస్తాడో మనకు తెలుసు. ఆయన అలా చేయకపోవడానికి తన పరిశుద్ధతనే కారణంగా చూపించాడు. వచ్చే శుక్రవారం పాఠం ఇదే.