చేపలు బాగానే ఉన్నాయి, రొయ్యలే పోతున్నాయి: వెంటనే నీళ్లు మార్చడం మేలా, ముందు కారణం వెతకడం మేలా?

విశాఖలో మా ఇంట్లో 240 లీటర్ల ఉప్పునీటి ట్యాంకు ఉంది. రెండు క్లౌన్ ఫిష్‌లు, మూడు డామ్సెల్‌లు, వాటితోపాటు మూడు క్లీనర్ రొయ్యలు, ఎనిమిది టర్బో నత్తలు, నాలుగు హెర్మిట్ పీతలు ఉండేవి. మే నెలలో పది రోజుల్లో రొయ్యలు మూడూ పోయాయి, నత్తలు నాలుగు పోయాయి. చేపలు మాత్రం మేత వేస్తే ఎప్పటిలాగే ఎగబడి తింటున్నాయి. అమ్మోనియా చూస్తే సున్నా, నైట్రైట్ సున్నా, పీహెచ్ 8.1. టెన్షన్‌లో అందరూ చేసే పనే నేనూ చేశాను. ఒకేసారి సగం నీళ్లు తీసేసి కొత్తగా ఉప్పు కలిపిన నీళ్లు పోశాను. మర్నాడు పొద్దున చూస్తే ఇంకో నత్త బోర్లా పడి ఉంది.

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే మా బావకి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి మాట, "కొత్త నీళ్లు ఎక్కణ్నుంచి పట్టావురా?" నేను దానికి జవాబు చెప్పకుండా ట్యాంకు నీళ్ల రీడింగులు చదువుతున్నాను. "అవి కాదు, పోసిన నీళ్ల సంగతి చెప్పు" అన్నాడు. నా తప్పు అక్కడే ఉందని తెలియడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది.

అసలు చచ్చిపోయిందో లేదో

ఏది మేలని తేల్చుకునేముందు ఒక చిన్న మాట. రొయ్య కుబుసం విడిచినా శవంలాగే కనిపిస్తుంది. మీసాలు, కాళ్లు, కళ్ల పొరలతో సహా మొత్తం ఊడి పడుతుంది. పటకారుతో తీసి లైటుకి ఎదురుగా పట్టుకోండి. కుబుసమైతే గాజు కాగితంలా వెలుతురు ఇటునుంచి అటు పోతుంది, తలకీ తోకకీ మధ్య వీపు మీద చీలిక ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. చచ్చిన రొయ్యయితే కండ పాలలా తెల్లబడి, తర్వాత గులాబీ రంగుకి తిరుగుతుంది. కుబుసం విడిచిన రొయ్య కొత్త పెంకు గట్టిపడేదాకా ఒకటి రెండు రోజులు రాళ్ల వెనక దాక్కుంటుంది. అది కనబడలేదని రాళ్లన్నీ కదిపి వెతికితే, మెత్తగా ఉన్నప్పుడే దాన్ని మనమే నలిపేస్తాం.

నీళ్లు మార్చడమా, వెతకడమా

నీళ్లు మార్చడం చెడ్డ మందేమీ కాదు. అమ్మోనియా కనిపించినా, ట్యాంకు వాసన వేస్తున్నా, ఏదైనా మందు పొరపాటున పడిందని తెలిసినా ఆలోచించకుండా మార్చాలి. అప్పుడు కొంచెం కొంచెంగా మార్చడం కంటే ఎక్కువ మార్చడమే మేలు. రోజుకి పది శాతం చొప్పున వారం రోజులు మార్చినా మొదట ఉన్న విషంలో దాదాపు 48 శాతం అలాగే ఉంటుంది. సగం చొప్పున రెండుసార్లు మారిస్తే 25 శాతమే మిగులుతుంది. కాకపోతే కొత్త నీళ్ల ఉప్పదనం, వేడి పాతవాటికి సరిపోవాలి.

కానీ ఈ లెక్కంతా కొత్త నీళ్లు మంచివైతేనే. తప్పు ఆ నీళ్లలోనే ఉంటే మార్చినకొద్దీ విషం పోసినట్టే. అందుకే నా ఓటు మూడో దారికి: ముందు బతికున్నవాటిని బయటికి తీయండి, తర్వాత తీరిగ్గా వెతకండి. నేను మూడు బకెట్లు పెట్టాను. ఒకదాంట్లో ట్యాంకు నీళ్లు, ఒకదాంట్లో నేను ఎప్పుడూ కలిపే పద్ధతిలో కొత్తగా కలిపిన ఉప్పునీళ్లు, మూడోదాంట్లో జాలరిపేటలో పడవవాళ్లను అడిగి తెప్పించిన సముద్రపు నీళ్లు. మూడింటికీ గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేసి, ఉప్పదనం సరిచూసి, మిగిలిన నత్తల్ని ఒక్కొక్కదాంట్లో ఒక్కోటి వేశాను. సాయంత్రానికి సముద్రపు నీళ్లలో ఉన్న నత్త బకెట్ అంచుదాకా ఎక్కేసింది. ట్యాంకు నీళ్లలోది అడుగునే ఉండిపోయింది. కొత్తగా కలిపిన నీళ్లలోదైతే గోడకి అంటించినా పట్టు నిలవక జారిపోయింది. ఒక్కో బకెట్‌కి ఒక్క నత్తంటే శాస్త్రీయ పరీక్ష కాదు, నిజమే. అయినా ఇంట్లో ఉన్న ఏ కిట్టూ చెప్పని సంగతి ఇది చెప్పింది.

ఎవరు పోయారన్నది కూడా గమనించాలి. రొయ్యలు, పీతలు పోయి నత్తలు హాయిగా తిరుగుతుంటే నా అనుమానం మొదట దోమల మందు మీదికి పోతుంది. మనిళ్లలో ప్లగ్‌కి పెట్టే దోమల లిక్విడ్, బొద్దింకల స్ప్రే, చీమల చాక్‌పీస్, వీటిలో ఎక్కువగా ఉండేది పైరెథ్రాయిడ్ జాతి మందే. పురుగులకి దగ్గరి చుట్టాలైన రొయ్యలకి, పీతలకి అది చాలా కొంచెమైనా ప్రాణాంతకం. నత్తలు దాన్ని బాగా తట్టుకుంటాయి. ఎయిర్ పంపు గదిలో గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకి కొడుతుంది కాబట్టి ట్యాంకున్న గదిలో ఆ లిక్విడ్ పెట్టకుండా దోమతెర కట్టుకోవడమే మేలు. స్టార్ ఫిష్ ఒక్కటే మెత్తబడి ముక్కలైపోతుంటే ఉప్పదనం మారిందేమో చూడాలి, లేదంటే నెలల తరబడి తిండి చాలలేదనుకోవాలి. నీలం రంగు లింకియా స్టార్ ఫిష్ కొత్త ట్యాంకుల్లో ఇలాగే పోతుంటుంది. రొయ్యలూ నత్తలూ కలిసి పోతూ చేపలు బాగుంటే? ఉప్పదనమో, రాగో.

నాది రాగి.

ఏ నీళ్లు మేలు

మార్చిలో ఇంట్లో తాగడానికి కొత్త వాటర్ ప్యూరిఫయర్ పెట్టించాం. ఆర్వో తర్వాత నీళ్లలోకి రాగి కలిపే మోడల్. రాగి చెంబులో నీళ్లు తాగితే మంచిదన్న నమ్మకం మా అమ్మది, ఆ మోడల్ ఎంపిక కూడా ఆవిడదే. నేను ట్యాంకుకి ఆ నీళ్లే వాడుతున్నాను. టీడీఎస్ మీటర్ పెడితే 40 చూపించింది, బానే ఉందనుకున్నాను. టీడీఎస్ మీటర్ నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఒక అంకె చెబుతుంది, అందులో రాగి ఉందో లేదో చెప్పదు.

మనకి తాగే నీళ్లలో లీటరుకి 0.05 మిల్లీగ్రాముల రాగి ఉండొచ్చని భారతీయ ప్రమాణం. అదే సముద్రపు నీళ్లలో మామూలుగా ఉండేది లీటరుకి 0.001 మిల్లీగ్రాము కంటే తక్కువ. ఎండాకాలం ట్యాంకు మీద ఫ్యాన్ తిప్పితే రోజుకి మూడు లీటర్లు ఆవిరవుతాయి. ఆవిరయ్యేది నీరొక్కటే, రాగి కాదు. తగ్గినదాన్ని భర్తీ చేయడానికి రెండు నెలల్లో పోసింది 180 లీటర్లు. ప్యూరిఫయర్ నీళ్లలో 0.05 చొప్పున ఉందనుకున్నా మొత్తం తొమ్మిది మిల్లీగ్రాములు, అంటే నా ట్యాంకులో లీటరుకి దాదాపు 0.0375. సముద్రంతో పోలిస్తే నలభై రెట్లకు అటూ ఇటూ. చేపలకి తెల్లమచ్చల జబ్బు వస్తే వైద్యానికి వేసే రాగి మోతాదు 0.15 నుంచి 0.20. చేపలు దాన్నే తట్టుకుంటాయి కాబట్టి వాటికి ఇదొక లెక్క కాదు. విచిత్రమేమిటంటే రొయ్యల, నత్తల రక్తంలో ఆక్సిజన్ మోసేది రాగే, అందుకే వాటి రక్తం నీలం. ప్రాణం నిలబెట్టే ఆ లోహమే నీళ్లలో కాస్త ఎక్కువైతే ప్రాణం తీస్తుంది.

అందుకని వంటింటి ప్యూరిఫయర్ నీళ్లు, మరీ ముఖ్యంగా రాగి, మినరల్స్ కలిపే మోడళ్లవి, వద్దే వద్దు. ఏసీ నీళ్లు డిస్టిల్డ్ వాటరే కదా అని కొందరు పడుతుంటారు. అవి రాగి గొట్టాల మీంచి, దుమ్ము మీంచి కారిన నీళ్లు, అవీ వద్దు. మునిసిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బోరు నీళ్లలో ఏముంటుందో వీధి వీధికీ మారుతుంది.

ఇక మిగిలినవి రెండు: సముద్రపు నీళ్లు, లేదా ఆర్వో తర్వాత డీఐ రెజిన్ (నీళ్లలో ఇంకా మిగిలిన లవణాల్ని పట్టేసే గింజలు) గుండా పోయిన నీళ్లలో కలిపిన మెరైన్ సాల్ట్.

విశాఖలో ఉండేవాడికి సముద్రపు నీళ్లు తేలిక, చవక, అన్ని లవణాలూ సహజంగా సరైన పాళ్లలో ఉంటాయి. కానీ ఒడ్డున అలల్లో ముంచుకొస్తే కుదరదు. మురుగు కాలువలు కలిసే చోటు, హార్బర్ దగ్గర అసలే వద్దు. పడవ మీద కాస్త లోపలికి పోయి తెప్పించుకోవాలి, తర్వాత మూత పెట్టిన డ్రమ్ములో చీకట్లో ఒకటి రెండు వారాలు నిలవనివ్వాలి. రొయ్యపిల్లల హేచరీల వాళ్లు సముద్రపు నీళ్లు తోడాక బ్లీచింగ్ వేసి, తర్వాత సోడియం థయోసల్ఫేట్‌తో క్లోరిన్ విరుస్తారు. ఇంట్లో ఆ మోతాదులతో ప్రయోగాలు నాకు ధైర్యం చాలదు. ఇంకో చిక్కు, బంగాళాఖాతం ఏడాదంతా ఒకేలా ఉండదు. వానాకాలంలో గంగ నుంచి గోదావరి దాకా నదులన్నీ కుమ్మరించిన మంచినీళ్లు అక్టోబరు, నవంబరుల్లో తీరం వెంబడి దక్షిణానికి దిగుతాయి. ఎండాకాలంలో వెయ్యికి 34 పాళ్లు ఉన్న ఉప్పదనం అప్పుడు 30 కంటే తగ్గిపోవడం మామూలే. ఆ నెలల్లో కొలవకుండా పోశారా, ట్యాంకుకి మంచినీళ్లు కలిపినట్టే.

హైదరాబాదు వాళ్లకి ఈ గొడవ లేదు, వాళ్లకి ఆర్వో డీఐ తప్ప దారి లేదు. డీఐ తర్వాత మీటర్ సున్నా చూపించాలి. ఒకటి రెండు చూపించడం మొదలుపెట్టిందంటే రెజిన్ మార్చే సమయం వచ్చిందన్నమాట. ఖర్చు ఎక్కువే, సగం పైన నీళ్లు డ్రైనేజీలోకే పోతాయి, అది నాకూ బాధే. అయినా ఈ నెలా వచ్చే నెలా నీళ్లు ఒకేలా ఉంటాయి కదా అని రెండింట్లో నేను దీనికే మొగ్గాను. సముద్రపు నీళ్లు జనవరి నుంచి మే వరకు మాత్రం వాడతాను, ఉప్పదనం చూసుకునే.

దేనితో కొలవాలి, ఎలా దింపాలి

ఉప్పదనం కొలవడానికి ఊగే ముల్లు ఉండే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ చవక. కానీ ముల్లుకి ఒక్క గాలి బుడగ అంటుకున్నా అది పైకి లేచి, లేని ఉప్పు ఉన్నట్టు చూపిస్తుంది. నీటిచుక్కలో వెలుతురు ఎంత వంగిందో చూసి ఉప్పదనం చెప్పే రిఫ్రాక్టోమీటర్ మేలు. దాన్ని డిస్టిల్డ్ వాటర్‌తో సున్నాకి పెట్టి వదిలేయకండి, చవక రకాలు సున్నా దగ్గర సరిగ్గా ఉండి 35 దగ్గర తప్పుతాయి. 36.5 గ్రాముల తడి లేని మామూలు ఉప్పుని (సోడియం క్లోరైడ్, మెరైన్ సాల్ట్ కాదు) 963.5 గ్రాముల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగిస్తే రిఫ్రాక్టోమీటర్‌లో 35 చూపించాలి, చూపించకపోతే మర తిప్పి అక్కడికి తేవాలి. ఇది మీటర్ సరిచేయడానికే, ట్యాంకులో పోయడానికి కాదు.

కొత్తగా కొన్న నత్త రెండు మూడు రోజుల్లో పోతే మాత్రం మీ ట్యాంకుని తిట్టుకోకండి. షాపుల్లో చేపల ట్యాంకులు ఉప్పు ఆదా కోసం సాపేక్ష సాంద్రత (మంచినీళ్లతో పోలిస్తే బరువు) 1.020 దగ్గర నడుపుతుంటారు, మనింట్లో 1.025 పైన. చేప తన ఒంట్లో ఉప్పుని తానే సర్దుకుంటుంది. నత్తకి, స్టార్ ఫిష్‌కి ఆ శక్తి లేదు, బయట ఎంత ఉంటే ఒంట్లోనూ అంతే కావాలి. కవర్ పావుగంట తేల్చి దింపేయడం చేపకి సరిపోవచ్చు, వీటికి చాలదు. సన్నటి ఎయిర్ ట్యూబుకి ముడి వేసి సెకనుకి రెండు మూడు చుక్కల చొప్పున గంట, గంటన్నర ట్యాంకు నీళ్లు కలపాలి. రొయ్యపిల్లల్ని చెరువులో వదిలేటప్పుడు మా బావావాళ్లు పాటించేదీ ఇదే తర్కం. చెరువు ఉప్పదనం ఎంతో ముందే చెబితే హేచరీ వాళ్లు దానికి దగ్గరగా తెచ్చి పంపిస్తారు. ఒక్క సందర్భంలో చుక్కల పద్ధతి కూడా దెబ్బ తీస్తుంది: కవర్‌లో రోజంతా ప్రయాణం చేసి వచ్చినప్పుడు. కవర్ విప్పగానే లోపలి కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా పెద్దగా హాని చేయని అమ్మోనియా విషంగా మారుతుంది. అలాంటప్పుడు కవర్ ఉప్పదనానికి సరిపోయే నీళ్లు విడిగా కలిపి ఉంచి, విప్పగానే వాటిలోకి మార్చి, అక్కణ్నుంచి మెల్లగా పెంచడం మేలు.

రాగి పోవాలంటే

యాక్టివేటెడ్ కార్బన్ కొంత పడుతుంది, దాని మీదే ఆశ పెట్టుకోలేం. రాగిని పట్టడానికే చేసిన రెజిన్లు, పాలీఫిల్టర్ లాంటి ప్యాడ్‌లు ఖరీదైనా పని చేస్తాయి. తెల్ల ప్యాడ్ సంప్‌లో, అంటే ట్యాంకుకి కలిపిన ఫిల్టర్ తొట్టిలో, పెట్టిన నాలుగో రోజుకి అంచుల వెంబడి నీలంగా తిరిగింది. అంతకుముందు రాగిని కొలిచే కిట్ రంగు మారిందా లేదా అన్నట్టుండి నన్ను వారం రోజులు మభ్యపెట్టింది. ఆ కిట్‌లకి అంత తక్కువ మోతాదులు సరిగ్గా అందవు. కిట్ సున్నా చూపిందని రాగి లేదనుకోవద్దు.

అసలు తలనొప్పి రాళ్లు, ఇసుక. సున్నపు రాయి రాగిని పీల్చుకుని తర్వాత నెలల తరబడి కొంచెం కొంచెంగా వదులుతుంది. రెజిన్ మారుస్తూ ఓపిక పట్టడమా, రాళ్లు మార్చేయడమా? రాగి మందు పూర్తి మోతాదులో పడిన ట్యాంకైతే మార్చేయడమే మేలని నా అభిప్రాయం. నాది తక్కువ మోతాదు కాబట్టి రాళ్లు ఉంచాను, ఇసుక మాత్రం తీసి పారేశాను. ప్యాడ్ రెండుసార్లు మార్చాను. మూడోది మూడు వారాలైనా నీలం కాలేదు. అప్పుడు రెండు నాసేరియస్ నత్తల్ని దింపాను. ఇప్పటికి నలభై రోజులు, రెండూ ఉన్నాయి. మేత వాసన తగలగానే అడుగున పరిచిన కొత్త ఇసుకలోంచి గొట్టం బయటపెడుతున్నాయి. రొయ్యల్ని ఇంకా కొనలేదు.