గ్రాడ్యుయేషన్ వక్తను ఎంచుకునే పద్ధతులు: చాలా ఏళ్లు వాడి చూశాక

అమెరికాలో ఒక మధ్యస్థాయి కాలేజీలో పని చేస్తున్నాను. మే నెలలో జరిగే గ్రాడ్యుయేషన్‌కి ముఖ్య వక్తను వెతికే కమిటీలో చాలా కాలంగా ఉన్నాను. స్పీకర్ బ్యూరో (ఫీజు తీసుకుని వక్తల్ని కుదిర్చే ఏజెన్సీ), ట్రస్టీల (కాలేజీని నడిపే బోర్డు సభ్యుల) పరిచయాలు, విద్యార్థుల సర్వే, పూర్వ విద్యార్థుల జాబితా... ఉన్న దారులన్నీ తొక్కి చూశాం. నా తీర్పు ముందే చెప్పేస్తాను. పేరు చూసి పిలిచిన ఏడాది కన్నా, ఫోన్లో ఓ అరగంట మాట్లాడి చూసి పిలిచిన ఏడాదే ఎప్పుడూ బాగుంది.

బ్యూరోతో మొదలుపెడతాను. కమిటీలోకి కొత్తగా వచ్చినవాళ్ల చూపు ముందు అటే పోతుంది. సౌకర్యం లేదనను. తేదీ, బడ్జెట్ చెబితే చాలు, జాబితా వచ్చేస్తుంది. ఒకరు ఖాయం కాగానే ఒప్పందం కూడా వస్తుంది. విమానంలో ఏ క్లాసు, కారు ఎక్కడికి రావాలి, స్టేజీ వెనక గదిలో ఏమేం పెట్టాలి, అన్నీ అందులో ఉంటాయి. ప్రసంగం గురించి మాత్రం ఎన్ని నిమిషాలో తప్ప ఇంకేమీ ఉండదు. అలా వచ్చిన ఒక పెద్దమనిషి మా ఫుట్‌బాల్ జట్టు మీద జోకు వేశాడు. మాకు ఫుట్‌బాల్ జట్టే లేదు. వెనక వరుసల్లో పిల్లలు పగలబడి నవ్వారు. జోకు పేలిందనుకుని ఆయన అదే జట్టు మీద ఇంకొకటి వేశాడు!

ఇక ఫీజులు. రట్గర్స్ యూనివర్సిటీ 2011లో టోనీ మోరిసన్‌కి 30 వేల డాలర్లు ఇచ్చింది. నోబెల్ అందుకున్న రచయిత్రి, దానికి నాకు అభ్యంతరం లేదు. 2015లో యూనివర్సిటీ ఆఫ్ హ్యూస్టన్ సినిమా నటుడు మాథ్యూ మెకానహేకి 1,35,000 డాలర్లు ఇచ్చిందని ఒప్పందం బయటపడినప్పుడు మాత్రం మా ఆఫీసులో వారం రోజులు అదే మాట. ఆయన ఆ డబ్బు తన చారిటీకి ఇచ్చేశాడు, అది వేరే సంగతి. పేరున్న చాలా కాలేజీలు అసలు ఫీజే ఇవ్వవు. గౌరవ డాక్టరేట్, రానూపోనూ ఖర్చులు, అంతే. మేమూ చివరికి అక్కడికే వచ్చాం. ఫీజు లేదనగానే సగం పేర్లు వాటంతట అవే రాలిపోతాయి. మిగిలినవాళ్లకి మన కాలేజీకి రావడానికి ఏదో ఒక సొంత కారణం ఉంటుంది.

ట్రస్టీల పరిచయాల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. మన ఆహ్వాన ఉత్తరం పెద్దవాళ్ల సెక్రటరీ దగ్గరే ఆగిపోకుండా చేరడానికి పనికొస్తాయి. మనిషిని ఎంచుకోవడానికి పనికిరావు.

బయటివాళ్లకి తెలియని అసలు టెన్షన్ ఆ ఉత్తరాలదే. ఒకేసారి ఇద్దరికి పంపలేం. ఇద్దరూ సరే అంటే ఎవర్ని వద్దంటాం? అందుకని ఒకరికి పంపి కూర్చోవాలి. పెద్దవాళ్లు వద్దనడానికి కూడా నెల తీసుకుంటారు. "క్యాలెండర్ చూసి చెబుతాం" అని జవాబొస్తే ఇంకో మూడు వారాలు పోయినట్టే. ముగ్గురు కాదనేసరికి చలికాలం సెలవులు దాటిపోతాయి. పైగా గౌరవ డాక్టరేట్ ఉంటే ముందు ట్రస్టీలు ఆమోదించాలి, వాళ్లేమో ఏడాదికి కొన్నిసార్లే కలుస్తారు. ఇదంతా గుట్టుగా సాగాలి, ఎందుకంటే ఎవరు కాదన్నారో బయటికి పొక్కితే తరువాత ఒప్పుకున్నాయన రెండో రకం అయిపోతాడు. మేం ఇప్పుడు ముందటేడు వసంతంలోనే పేర్లు తీసుకుంటున్నాం, సెప్టెంబరుకల్లా మొదటి ఉత్తరం వెళ్లిపోతుంది.

విద్యార్థుల సర్వే మీద నాకు మొదట్లో నమ్మకం ఉండేది కాదు. ఓట్లు లెక్కపెడితే ప్రతి ఏడాదీ అవే పేర్లు వస్తాయి: మాజీ అధ్యక్షులు, పాప్ గాయనులు, కామెడీ వాళ్లు. ఆ లెక్కతో ఒరిగేదేమీ లేదు. కానీ కింద "ఎందుకు?" అని ఒక ఖాళీ పెట్టాం చూడండి, సర్వేకి విలువ అక్కడ వచ్చింది. "మా అమ్మకి కూడా అర్థమయ్యేలా మాట్లాడేవాళ్లు కావాలి" అని ఒకమ్మాయి రాసింది. ఆ ఏడాది మా షార్ట్‌లిస్ట్ మొత్తం ఆ ఒక్క వాక్యంతోనే వడపోశాం.

పిల్లల్ని ముందే కలుపుకోకపోతే ఏమవుతుందో 2014 మే నెల చూపించింది. రట్గర్స్‌లో విద్యార్థులు, ప్రొఫెసర్లు ఇరాక్ యుద్ధం సంగతి ఎత్తి అభ్యంతరం చెప్పడంతో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి కాండొలీజా రైస్ తప్పుకున్నారు. స్మిత్ కాలేజీకి రావలసిన క్రిస్టీన్ లగార్డ్, అప్పటి ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) అధినేత్రి, ఒక పిటిషన్ తరువాత రానన్నారు. హావర్‌ఫర్డ్ కాలేజీలో బర్కిలీ యూనివర్సిటీ మాజీ ఛాన్సలర్ రాబర్ట్ బర్జెనో కూడా నిరసన వల్ల మానుకుంటే, ప్రిన్స్‌టన్ మాజీ అధ్యక్షుడు విలియం బోవెన్ వచ్చి స్టేజీ మీదే నిరసన చేసినవాళ్లని మందలించారు. ఇందులో తప్పు ఎవరిదన్న వాదన ఇప్పటికీ తెగలేదు. నేను చూసేది ఒకటే: ఆ అభ్యంతరం అక్టోబరులో ఒక గదిలో వినపడితే అది చర్చ, ఏప్రిల్‌లో వినపడితే వార్త. మా కమిటీలో ఇప్పుడు సగం మంది విద్యార్థులే. దానివల్ల గొడవలు ఆగలేదు, త్వరగా వస్తున్నాయి. నాకు అది చాలు.

పూర్వ విద్యార్థుల జాబితాని మాత్రం అందరూ చిన్నచూపు చూస్తారు. 2014లోనే యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ ఆస్టిన్‌లో మాట్లాడిన అడ్మిరల్ విలియం మెక్‌రేవన్ అక్కడే చదువుకున్నవాడు. లేవగానే పక్క సర్దుకోండి అని ఆయన చెప్పిన మాట ప్రపంచమంతా తిరిగింది. అదే క్యాంపస్‌లో తిరిగిన మనిషికి ఆ పిల్లలతో ఏం మాట్లాడాలో ఒకరు చెప్పక్కర్లేదు.

ఇక ఫోన్ సంగతి. మేం పిలిచినవాళ్లలో అందరికన్నా బాగా మాట్లాడినావిడ ఒక నేల శాస్త్రవేత్త, పేరు ఎవరికీ తెలియదు. జాబితా చదివినప్పుడు మా డీన్ ముఖం చిట్లించారు. ఫోన్ చేస్తే ఆవిడే మమ్మల్ని ప్రశ్నలు అడిగింది. నా ముందు ఎవరు మాట్లాడతారు, వాళ్లేం చెబుతారు? ఇంట్లో మొదటిసారి డిగ్రీ తీసుకుంటున్నవాళ్లు ఎంతమంది? ఎండ నా మొహాన పడుతుందా, పిల్లల మొహాన పడుతుందా? పిల్లల మొహాన అని చెబితే, "అయితే పది నిమిషాల్లో దిగిపోతాను" అంది. దిగిపోయింది కూడా. నల్ల గౌన్లలో ఉడికిపోతూ టోపీలతో విసురుకుంటున్న పిల్లలు, ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ ఆ టోపీలు ఒళ్లో పెట్టుకున్నారు.

నిడివి గురించి ఉత్తరంలోనే రాస్తాం ఇప్పుడు: పన్నెండు నిమిషాలు. నొచ్చుకునేవాళ్లు ఉంటారు. 2005లో స్టాన్‌ఫర్డ్‌లో స్టీవ్ జాబ్స్ మూడు కథలు చెప్పి ముగించడానికి పావుగంట సరిపోయింది. 1977లో లేక్ ఫారెస్ట్ కాలేజీలో పిల్లల రచయిత డాక్టర్ స్యూస్ ఒక చిన్న పద్యం చదివి కూర్చున్నారు, అంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

బ్యూరోకి మళ్లీ వెళ్తానా? మార్చి దాటినా ఎవరూ దొరక్కపోతే వెళ్తాను. అప్పుడు కూడా ఒప్పందంలో ఒక అరగంట ఫోన్ కాల్ రాయించుకుంటాను. దానికి బ్యూరో ఒప్పుకోకపోతే మా కాలేజీలోనే రిటైరవుతున్న ప్రొఫెసర్‌ని అడుగుతాను. ఒకసారి అలాగే చేశాం, ఆ ఏడాది ఒక్క ఫిర్యాదు ఉత్తరం కూడా రాలేదు.