రూపాయి పడితే ఏ షేర్లు కొనాలి? రూ.2,999 పెట్టి విన్న ఆన్‌లైన్ కోర్సు

రూపాయి విలువకీ షేర్ మార్కెట్‌కీ ఉన్న సంబంధం మీద తెలుగులో చేసిన రికార్డెడ్ కోర్సు, పేరు రాయను గానీ డబ్బు కట్టి మొత్తం విన్నాను.

విదేశీ ఇన్వెస్టర్ల క్లాసు చాలా బాగుంది. డాలర్ 60 రూపాయలున్నప్పుడు ఒకాయన 100 డాలర్లు తెచ్చి ఇక్కడ 6,000 పెట్టాడు, షేర్లు 10 శాతం పెరిగి 6,600 అయ్యాయి, ఈలోగా డాలర్ 66కి వెళ్లింది, ఇక ఆయన వెనక్కి పట్టుకెళ్లేది అదే 100 డాలర్లు! అందుకే రూపాయి పడుతుందన్న భయం పుట్టగానే అమ్మేస్తారు, ఆ సొమ్ముతో డాలర్లు కొంటారు, దాంతో రూపాయి ఇంకా పడుతుంది. 2013 ఆగస్టు 16న సెన్సెక్స్ 769 పాయింట్లు పోవడం, 28న డాలర్ 68 దాటడం చూపిస్తుంటే అప్పటి టెన్షన్ మళ్లీ గుర్తొచ్చింది.

టర్కీ గురించి చెప్పింది కాసేపే అయినా కొత్త విషయం. 2022లో అక్కడి కరెన్సీ లీరా పడుతూనే ఉంది, ఇస్తాంబుల్ షేర్ సూచీ మాత్రం లీరాల్లో దాదాపు మూడు రెట్లయింది. ధరల పెరుగుదల అక్టోబర్‌లో 85 శాతం దాటింది, బ్యాంకు వడ్డీ దాని దరిదాపుల్లో లేదు, జనం ఉన్న డబ్బు కాపాడుకోడానికి షేర్లు కొన్నారు.

నా కోపమంతా నాలుగో క్లాసు మీద. రూపాయి పడితే ఐటీ షేర్లు కళ్లు మూసుకుని కొనొచ్చట, వాళ్ల ఆదాయం డాలర్లలో కాబట్టి. మరి 2022లో డాలర్ 74 నుంచి 82 దాటింది, ఐటీ కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ ఐటీ నాలుగో వంతు పడిపోయింది, అదెలా? అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ మార్చి నుంచి వడ్డీలు పెంచింది, డాలర్ బలపడిందీ అందుకే, అక్కడి టెక్ షేర్లు కూలి, క్లయింట్లు ఖర్చు తగ్గిస్తారన్న భయం పట్టుకుందీ అందుకే. రూపాయి పడిందా అన్నది కాదు, ఎందుకు పడిందన్నది చూడాలి కదా! అదే ఏడాది విదేశీయులు అమ్ముతున్నా మనవాళ్లు మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే సిప్ డబ్బు నిలబెట్టి సెన్సెక్స్ 4 శాతం పైనే ముగిసింది, దాని మీద ఒక్క స్లైడూ లేదు. మెయిల్ పెట్టి అడిగితే అడ్వాన్స్‌డ్ కోర్సులో ఉందన్నారు, అది మరో రూ.9,999. కొత్తగా మార్కెట్లోకి వచ్చిన కుర్రాళ్లు ఆ నాలుగో క్లాసు విని ఆర్డర్లు పెడితే ఏమవుతుందో అని నిజంగా బాధేసింది.

ఐదుకి మూడు స్టార్లు. ఆ క్లాసు సరిచేసి మళ్లీ రికార్డు చేస్తే నాలుగు ఇస్తాను.